ఉద్యోగం అకౌంట్స్‌లో, ఉబ్బసం పెయింట్‌తో: ఒక కేస్ స్టడీ

రోగి వయసు నలభై దాటింది. మగమనిషి. సిగరెట్ అలవాటు లేదు, చిన్నప్పుడు ఉబ్బసం లేదు, ఇంట్లో ఎవరికీ లేదు. ఏడాదిన్నరగా రాత్రిళ్లు దగ్గు, తెల్లవారుజామున ఛాతీ పట్టేయడం, పిల్లికూతలు. నా దగ్గరికి వచ్చేసరికి కేస్ షీట్ బాగా లావెక్కింది. వృత్తి అన్న గడిలో 'ప్రైవేట్ ఉద్యోగం, అకౌంట్స్' అని ఉంది. ఆయన్ని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను. జబ్బుకు సంబంధించినవి మాత్రం మార్చలేదు.

పని వల్ల వచ్చే జబ్బులు చూడటం నా వృత్తి. మిగతా డాక్టర్లు ఒక గడిలో రాసి వదిలేసే ప్రశ్న దగ్గరే మా పని మొదలవుతుంది. "మీరేం చేస్తుంటారు?" అని అడిగితే మనుషులు చెప్పే జవాబులో ఏముంటుంది, ఏముండదు అన్నదే ఈ కేసంతా.

అప్పటిదాకా జరిగిన వైద్యంలో వంక పెట్టడానికేమీ లేదు. పీల్చే స్టెరాయిడ్ మోతాదు రెండు దఫాలుగా పెంచారు. దుమ్ము పురుగుల కోసం పరుపుకి కవర్లు వేయించారు. కడుపులో ఆమ్లం పైకి తన్నుతోందేమోనని ఆ మందులూ ఇచ్చారు. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. గట్టిగా ఊదించి ఊపిరి కొలిచే స్పైరోమెట్రీ దాదాపు నార్మల్. అయితే ఆ పరీక్ష తేదీ చూస్తే ఆయన సెలవు పెట్టి వచ్చిన రోజది. ఉబ్బసం వస్తూ పోతూ ఉండే జబ్బు. బాగున్న రోజు ఊదిస్తే బాగానే వస్తుంది.

పెద్దయ్యాక కొత్తగా ఉబ్బసం మొదలైందంటే నా అనుమానం ముందు పనిచేసే చోటు మీదికే పోతుంది. ఇది నా వృత్తి చాదస్తం కాదు. అమెరికా, ఐరోపాల్లోని శ్వాసకోశ వైద్యుల సంఘాలు 2019లో కలిసి వేసిన అంచనా ప్రకారం పెద్దవాళ్లలో కొత్తగా వచ్చే ఉబ్బసంలో దాదాపు 16 శాతం పని వల్లే వస్తోంది. అంటే ఆరుగురిలో ఒకరు. ఆ ఒక్కరిని పట్టుకోవడానికి రెండు ప్రశ్నలు చాలావరకు పనికొస్తాయి: పనికి వెళ్లని రోజుల్లో తేలిగ్గా ఉంటుందా? ఎక్కువ రోజులు సెలవు పెట్టినప్పుడు తేలిగ్గా ఉంటుందా? "పనిలో ఉన్నప్పుడు ఎక్కువవుతుందా?" అని అడిగితే మాత్రం చాలామంది లేదనే అంటారు. అది అబద్ధమూ కాదు. కొన్ని పదార్థాలకు ఊపిరితిత్తులు వెంటనే స్పందించవు, నాలుగు నుంచి ఎనిమిది గంటలు పోయాక బిగుసుకుంటాయి. మధ్యాహ్నం పీల్చిన దానికి రాత్రి పడక మీద దగ్గొస్తే ఎవరైనా పరుపునే అనుమానిస్తారు.

ఈయన కూడా అదే అన్నారు. "పనిలో ఏమీ ఉండదు డాక్టర్ గారూ. ఇంటికెళ్లాకే మొదలు." సెలవుల సంగతి అడిగితే కాసేపు ఆలోచించారు. "మొన్న బంధువుల ఇంటికి వెళ్లి పది రోజులున్నాం. ఇన్‌హేలర్ సంచిలోంచి తీయనే లేదు. అక్కడ గాలి పడిందేమో అనుకున్నాం."

గాలి పడిన మాట నిజమే. పడనిది ఏ గాలో తేల్చాలి.

చెప్పుకునే పని, చేసే పని

రోగిని "నీ పనేమిటి?" అని అడగాలన్నది పాత సంగతే. ఇటలీలోని మోదెనాలో బెర్నార్దినో రామజ్జీని అనే వైద్యుడు 1700లో వృత్తుల వారీగా వచ్చే జబ్బుల మీద ఒక గ్రంథం వేశాడు. రోగిని ఏమేం అడగాలో హిపొక్రటీస్ చెప్పిన ప్రశ్నలకు తను ఇంకొకటి చేరుస్తున్నానని, అది 'ఏ వృత్తి చేస్తావు?' అన్న ప్రశ్న అని అందులో రాశాడు. ఆయనకి ఆ ఆలోచన వచ్చింది తన ఇంటి మరుగుదొడ్డి గుంత శుభ్రం చేయడానికి వచ్చిన మనిషిని చూశాక. ఎందుకంత హడావుడిగా చేస్తున్నావని అడిగితే, ఇందులో ఎక్కువసేపు ఉంటే కళ్లు పోతాయని ఆ పనివాడు చెప్పాడు. నాకు ఇందులో ముఖ్యంగా కనిపించేది, రామజ్జీని ఆ మనిషిని పనిలో ఉండగా చూశాడన్నది. క్లినిక్‌లో కుర్చీలో కూర్చోబెట్టి అడిగితే ఆ జవాబు వచ్చేదో లేదో.

కుర్చీలో కూర్చున్నాక మనిషి చెప్పేది హోదా. 'బిజినెస్', 'ప్రైవేట్ జాబ్', 'సూపర్‌వైజర్', 'కాంట్రాక్ట్ పనులు'. 'రిటైర్డ్' అన్న జవాబు నాకు అన్నిటికన్నా భయం. ఆస్‌బెస్టాస్ పీల్చినవాళ్లకి మీసోథీలియోమా అనే క్యాన్సర్ రావడానికి ఇరవై నుంచి యాభై ఏళ్లు కూడా పట్టొచ్చు. రిటైర్డ్ అన్న ఒక్క మాట కింద ఆ ఏళ్లన్నీ కప్పబడిపోతాయి. 'ఏమీ లేదండీ, ఇంట్లోనే ఉంటాను' అన్న ఆవిడ రోజంతా ఇంట్లో కూర్చుని జిగురుతో చెప్పులు అతికిస్తూ ఉండొచ్చు. ఆస్‌బెస్టాస్ కార్మికుల పని బట్టలు దులిపి ఉతికిన భార్యలకి అదే క్యాన్సర్ వచ్చిన దాఖలాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. వాళ్లెవరూ ఆ ఫ్యాక్టరీ గడప తొక్కలేదు.

లెక్కల కోసం మనుషుల్ని వృత్తుల వారీగా విడదీయడానికి అంతర్జాతీయ కార్మిక సంస్థ వాళ్ల వర్గీకరణ ఒకటుంది. 2008 నాటి ఆ జాబితాలో 436 గళ్లున్నాయి. మా రోగిని అందులో పెడితే నాలుగంకెల కోడ్ 4311, అకౌంట్స్ గుమాస్తాలు. స్ప్రే పెయింటర్ల కోడ్ 7132. ఎవరు ఏ సర్వే చేసినా ఈయన ఆ రెండో గడిలోకి రారు.

అందుకే నేను పనేమిటని అడిగి వదలను. నిన్న పొద్దున పనిచేసే చోట లోపల అడుగుపెట్టిన దగ్గర్నుంచి సాయంత్రం బయటికొచ్చేదాకా మీ చేతులు ఏమేం ముట్టుకున్నాయో చెప్పండి అంటాను. హోదా చెప్పడానికి ఒక్క మాట చాలు. నిన్నటి రోజు చెప్పాలంటే మనిషి వరసగా గుర్తు చేసుకోవాలి. వరసలో వెళ్తున్నప్పుడు, లెక్కలోకి రాదనుకున్నది కూడా నోటి వెంట వచ్చేస్తుంది.

ఆయన మొదలుపెట్టారు. తొమ్మిదింటికి వెళ్లడం, కంప్యూటర్ ఆన్ చేయడం, బిల్లులు, విడిభాగాలు పంపేవాళ్లకి ఫోన్లు. పనిచేసేది వాహనాలకి డెంటింగ్, పెయింటింగ్ చేసే వర్క్‌షాప్ అని అప్పుడు తెలిసింది. కేస్ షీట్‌లో అది లేదు. కానీ ఆఫీసు గది వేరు, పెయింట్ బూత్ (రంగు కొట్టే మూసిన గది) వేరు, మధ్యలో గోడ, తలుపు. మధ్యాహ్నం భోజనం దాకా వచ్చాం.

"తర్వాత?"

"తర్వాత మళ్లీ బిల్లులే. మధ్యలో ఒక అరగంట కుర్రాడు రాలేదని కలర్ కలిపిచ్చాను. తర్వాత జీఎస్టీ..."

"ఆగండి. కలర్ కలపడమంటే?"

"అదా. అది నా పని కాదండీ. ఊరికే సాయం."

ఆ సాయం ఏమిటో విడదీసి అడిగితే సంగతి ఇది. ఆయన చాలా ఏళ్ల క్రితం పెయింటర్. చదువుకుని, కంప్యూటర్ నేర్చుకుని, అదే రంగంలో ఆఫీసు కుర్చీకి ఎదిగారు. పెయింటర్ అని చెప్పుకోవడం ఆపేసి చాలా కాలమైంది. కానీ షేడ్ పట్టుకోవడంలో ఆయన కన్ను గట్టిది. పాత బండికి ఒక డోర్ మాత్రమే మార్చినప్పుడు, ఎండకి వెలిసిన పాత రంగుకి కొత్త రంగు కలవాలి. కోడ్ ప్రకారం కలిపితే చాలదు, చూసి సరిచేయాలి. అది ఆ వర్క్‌షాప్‌లో ఈయనకే వచ్చు. అందుకని కలిపే గదిలో తూకం మీద పెయింట్ పోసి, అందులో హార్డ్‌నర్ (రంగు గట్టిపడటానికి వేసే రసాయనం) కలిపి, థిన్నర్ వేసి ఇస్తారు. హెల్పర్ రానిరోజు స్ప్రే గన్ కడిగి పెడతారు. గన్‌లో థిన్నర్ పోసి ట్రిగ్గర్ నొక్కి గాల్లోకి కొట్టేస్తే లోపలంతా శుభ్రమైపోతుంది. చేతికి గ్లవ్స్ ఉంటాయా అంటే, ఒక్కోసారి.

జీతం అకౌంట్స్‌కి ఇస్తారు కాబట్టి పని అంటే అకౌంట్స్. మిగతాది సాయం. ఎక్కడ అడిగినా జనం లెక్క ఇదే.

డబ్బా మీద రాత

హార్డ్‌నర్ డబ్బా నాలుగు వైపులా ఫోటో తీసి, దాని సేఫ్టీ డేటా షీట్ తెమ్మన్నాను. ఆ షీట్‌లో 16 విభాగాలుంటాయి, నేను ముందు చూసేది రెండోది, మూడోది, ఎనిమిదోది: ప్రమాదాలు, లోపల ఉన్న పదార్థాలు, కాపాడుకునే పద్ధతులు. పీలిస్తే ఉబ్బసం రావచ్చు అని చెప్పే హెచ్334 అనే కోడ్ కోసం చాలామంది వెతుకుతారు. ఈ డబ్బా మీద అది లేదు. చర్మానికి అలర్జీ రావచ్చనే హెచ్317 ఉంది. కింద చిన్న అక్షరాల్లో 'ఐసోసైనేట్లు ఉన్నాయి' అన్న హెచ్చరిక ఉంది. నాకది చాలు. వాహనాలకు వేసే టూ-ప్యాక్ పెయింట్ల (వాడేముందు రంగులో హార్డ్‌నర్ కలిపే రకం) హార్డ్‌నర్లలో ఉండేవి ఎక్కువగా హెచ్‌డీఐ అనే డైఐసోసైనేట్‌తో చేసిన పెద్ద అణువులు. వాటి మీద ఆ కోడ్ చాలాసార్లు కనబడదు. కోడ్ లేదు కాబట్టి ఉబ్బసం రాదని అనుకోవడానికి లేదు. పని వల్ల వచ్చే ఉబ్బసానికి ప్రపంచంలో ఎక్కువగా చెప్పుకునే కారణాల్లో ఐసోసైనేట్లు ఒకటి. పిండి, కలప దుమ్ము, జుట్టు బ్లీచ్‌లలో వాడే పర్‌సల్ఫేట్లు, శుభ్రం చేసే స్ప్రేలు అన్నీ ఆ జాబితాలోవే.

ఐసోసైనేట్ అన్న పేరు వినగానే ఆయన భార్య ఉలిక్కిపడ్డారు. భోపాల్ గుర్తొచ్చింది ఆవిడకి. 1984లో అక్కడ లీకైంది మిథైల్ ఐసోసైనేట్. అదే కుటుంబం, కానీ వేరే పదార్థం. దాని పద్ధతి వేరు, ఊపిరితిత్తుల్ని నేరుగా కాల్చేస్తుంది. పెయింట్‌లోవి కొద్దికొద్దిగా తగులుతూ, నెలలో ఏళ్లో గడిచాక రోగనిరోధక వ్యవస్థని తప్పుదారి పట్టిస్తాయి. ఒకసారి అలా పట్టిందంటే ఆ తర్వాత అతి కొంచెం తగిలినా చాలు, ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయి. పక్కవాళ్లకి ఏమీ కాదు, ఈయనకి అవుతుంది. అందుకే ఇలాంటివాళ్లని "నీకే ఎందుకు వస్తుంది, అందరం ఇక్కడే ఉన్నాంగా" అంటారు.

"నేను పెయింటర్‌గా ఉన్నన్నాళ్లూ ఏమీ కాలేదు కదండీ" అన్నారాయన. న్యాయమైన ప్రశ్న. అప్పట్లో ఆయన కొట్టింది హార్డ్‌నర్ అక్కర్లేని పెయింట్. థిన్నర్ ఆవిరైపోతే ఆరిపోయే రకం. టూ-ప్యాక్ ఆ వర్క్‌షాప్‌కి వచ్చింది ఈయన ఆఫీసులోకి మారాకే.

చార్టు

ఇక్కడ తొందరపడకూడదు. పని వల్ల వచ్చిన ఉబ్బసం అని తేలిస్తే ఒక మనిషి జీవనం తలకిందులవుతుంది. తేల్చకుండా వదిలేస్తే ఊపిరితిత్తులు పోతాయి. అనుమానం ఉండగానే "ఆ పని మానేయండి" అనడం నాకు నచ్చదు. మానేశాక రుజువు దొరకదు, ఉద్యోగమూ దొరకదు.

రుజువుకి మొదటి సాధనం పీక్ ఫ్లో మీటర్. చిన్న ప్లాస్టిక్ గొట్టం, గట్టిగా ఊదితే ముల్లు కదులుతుంది. అంకె ఎంత ఎక్కువ వస్తే ఊపిరి గొట్టాలు అంత తెరుచుకుని ఉన్నట్టు. రోజుకి కనీసం నాలుగుసార్లు, పనిరోజుల్లోనూ సెలవు రోజుల్లోనూ, కొన్ని వారాలపాటు రాయాలి. ప్రతిసారీ మూడుసార్లు ఊది, ఎక్కువ వచ్చింది వేసుకోవాలి. ఈలోగా మందు మోతాదు మార్చకూడదు, మారిస్తే దేనివల్ల తగ్గిందో తెలియదు. పక్కన మార్జిన్‌లో ఆరోజు చేతులతో ఏం చేశారో తన మాటల్లో రాయమన్నాను. 'పని' అని రాయొద్దన్నాను.

క్లినిక్‌కి వచ్చేముందు బయట బెంచీ మీద కూర్చుని ఒకే పెన్నుతో నింపేసిన చార్టులు చాలా చూశాను, అవి చూడగానే తెలిసిపోతాయి. ఈయనది అలా కాదు. గీతలు కొట్టిన రిజిస్టర్, తేదీలు, సమయాలు, వారం చివర సరాసరి కూడా వేసుకొచ్చారు. నా సర్వీసులో ఇంత అందమైన చార్టు చూడలేదు.

అందులో ఒక మంగళవారం: ఉదయం 460, మధ్యాహ్నం 450, సాయంత్రం 430, పడుకునే ముందు 340. మార్జిన్‌లో 'మూడింటికి హార్డ్‌నర్ కలిపాను, గన్ కడిగాను' అని ఉంది. బుధవారం ఉదయం కూడా 380 దగ్గరే. ఆదివారం: 470, 480, 480, 470. మార్జిన్ ఖాళీ.

మెథాకోలిన్ అనే మందు కొద్దికొద్దిగా పీల్పించి ఊపిరి గొట్టాలు ఎంత తేలిగ్గా బిగుసుకుంటాయో చూసే పరీక్ష పనివారం మధ్యలోనే చేయించాను, పాజిటివ్. సెలవు తర్వాత చేయిస్తే నార్మల్‌కి తిరిగిపోయే అవకాశం ఉంది. హెచ్‌డీఐకి రక్తంలో ఐజీఈ (అలర్జీలో కనిపించే యాంటీబాడీ) పరీక్ష నెగటివ్ వచ్చింది. ఆయన ముఖం వెలిగింది, నేను ఆర్పాల్సి వచ్చింది. ఐసోసైనేట్ల విషయంలో ఆ పరీక్ష పాజిటివ్ వచ్చేది కొద్దిమందికే. వస్తే నమ్మొచ్చు, రాకపోతే దాన్ని పట్టుకుని లేదనడానికి లేదు. అనుమానించిన పదార్థాన్నే కొలిచి పీల్పించి చూసే పరీక్ష ఒకటుంది, అది కొన్ని ప్రత్యేక కేంద్రాల్లో మాత్రమే చేస్తారు. ఇక్కడ చార్టు అంత స్పష్టంగా ఉండగా దాని అవసరం లేదనిపించింది.

రెండు నిమిషాలు

కలపడం, గన్ కడగడం ఆపేశారు. వర్క్‌షాప్‌లో ఎవరికీ కారణం చెప్పలేదు, నడుం నొప్పి అన్నారట. చార్టు ఆపొద్దన్నాను. మనిషి ఒక పని మానేశానంటే, తను పనిగా లెక్కపెట్టుకున్నదే మానేస్తాడు.

గ్రాఫ్ చాలావరకు పైకి లేచింది. కానీ అక్కడక్కడా రాత్రిపూట గుంటలు మిగిలాయి. 350, 360. ఆ రోజుల మార్జిన్లు చూస్తే 'ఏమీ లేదు, బిల్లులే'. ఆయనకి టెన్షన్ పెరిగింది. పెయింట్ కారణం కాదేమో, పరీక్షలు తప్పేమో అన్నారు. ఆ గుంటలున్న తేదీలకి ఆయన దగ్గరే ఉన్న బిల్లు పుస్తకం తెమ్మన్నాను. అకౌంట్స్ మనిషి కావడం అక్కడ కలిసొచ్చింది. గుంట పడిన ప్రతి రోజుకీ మర్నాడు ఏదో ఒక బండి డెలివరీ ఉంది.

"డెలివరీ ముందురోజు మీరేం చేస్తారు?"

"ఏం చేయనండీ. షేడ్ కలిసిందో లేదో చూడమని పిలుస్తారు. వెళ్లి చూసి వచ్చేస్తాను. రెండు నిమిషాలు."

"ఎక్కడికి వెళ్లి?"

"బూత్‌లోకి."

బూత్‌లోకి. అప్పుడే కొట్టడం అయిపోయాక. లోపల పెయింటర్ ఉంటాడు, బయటి గాలి గొట్టంతో వచ్చే మాస్క్ తలకి తొడుక్కుని. ఈయన ఆఫీసు చొక్కాతో, ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని లోపలికెళ్లి, డోర్‌కీ ఫెండర్‌కీ మధ్య కన్ను పెట్టి, వంగి, లేచి, పక్కనుంచి చూసి, "కొంచెం బ్లూ ఎక్కువైంది" అని చెప్పి బయటికి వస్తారు.

స్ప్రే ఆగగానే గాలి శుభ్రమైపోదు. కంటికి కనిపించే పెద్ద తుంపరలు ముందు పోతాయి. మిగిలిన సన్నటి మంచు మామూలు వెలుతురులో కనబడదు. ఐసోసైనేట్ ప్రమాదకర స్థాయిలో ఉన్నా ముక్కుకి తెలియదు, వచ్చే వాసనంతా థిన్నర్‌ది. బూత్‌లోని ఫ్యాన్ ఆ గాలిని పూర్తిగా తోడేయడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఫ్యాన్ సరిగా లేని గదిలో ఇరవై నిమిషాలు దాటొచ్చు. ప్రతి బూత్‌కీ ఆ సమయం వేరు. పొగ వదిలి, అది పూర్తిగా పోవడానికి ఎంతసేపు పట్టిందో చూసి గోడ మీద రాసి పెట్టుకోవాలి. అంతవరకు మాస్క్ తీయకూడదు, ఎవరూ లోపలికి రాకూడదు.

రోజంతా పెయింట్ కొట్టే మనిషికి దగ్గు లేదు. ఆయనకి మాస్క్ ఉంది, ఎందుకంటే ఆయన హోదా పెయింటర్. అకౌంట్స్ మనిషికి మాస్క్ ఎవరిస్తారు? ఐరోపా సమాఖ్యలో డైఐసోసైనేట్లు 0.1 శాతం దాటిన సరుకుని వృత్తిలో వాడేవాళ్లకి 2023 ఆగస్టు నుంచి శిక్షణ తప్పనిసరి చేశారు. మంచి నిబంధన. కానీ 'వాడేవాళ్లు' ఎవరన్న జాబితా తయారుచేసేది ఏ వర్క్‌షాప్‌లోనైనా హోదాల రిజిస్టర్ చూసే.

చెప్పాలా వద్దా

రోగ నిర్ధారణ ఇక్కడికి పూర్తయింది. కష్టమైన భాగం మొదలైంది.

"పెయింట్ పడదని తెలిస్తే నన్ను ఉంచుతారా?" అని అడిగారాయన. ఉంచుతారని నేను హామీ ఇవ్వలేను. ఈ జబ్బు బయటపడ్డాక ఉద్యోగమో ఆదాయమో పోగొట్టుకునేవాళ్లు చాలామంది, అందుకే చాలామంది దాచుకుంటారు. దాచుకుంటే ఏమవుతుందో కూడా చెప్పాను. పదార్థానికి పూర్తిగా దూరమైనా లక్షణాలు పూర్తిగా పోయేది దాదాపు మూడింట ఒక వంతు మందికే. లక్షణాలు మొదలయ్యాక ఎంత త్వరగా దూరమైతే అంత మంచిది. మందు పెంచుకుంటూ అక్కడే ఉండిపోతే జబ్బు ముదురుతుంది, తీవ్రమైన అటాక్ ప్రాణం మీదికి తేవొచ్చు. మాస్క్ పెట్టుకుని అదే పని కొనసాగించడం, ఇప్పటికే పడకుండా పోయిన మనిషికి నమ్మదగిన దారి కాదు.

ఆయన అనుమతి లేకుండా యాజమాన్యానికి ఒక్క అక్షరం రాయనన్నాను. ఇంటికెళ్లి ఆలోచించుకున్నారు. తర్వాతిసారి వచ్చినప్పుడు ఆయన మాట్లాడింది జీతం గురించి కాదు.

"అకౌంట్స్ ఎవరైనా చేస్తారు డాక్టర్ గారూ. నన్ను అక్కడ మనిషిగా చూసేది షేడ్ కోసమే. ఓనర్ కూడా బూత్ దగ్గరికొచ్చి 'మీరు చూశారా?' అని అడిగాకే బండి బయటికి పంపుతాడు."

పనేమిటని అడిగితే ఆయన జాబితాలో లేని పని అది. పెయింటర్ అనిపించుకోవడం ఇష్టం లేదు, ఆ కన్ను వదులుకోవడమూ ఇష్టం లేదు. నేను అప్పటిదాకా చార్టుతో వాదిస్తున్నాను, ఆయన బాధ చార్టులో లేదు. అందుకని ఉత్తరంలో ఏం రాయాలో ఇద్దరం కలిసి కూర్చుని చూశాం. వైద్య వివరాలు లేవు, రెండే విషయాలు. మొదటిది: ఐసోసైనేట్ ఉన్న పెయింట్ కలిపే, కొట్టే, ఆరబెట్టే చోట్లకి ఈ ఉద్యోగి వెళ్లకూడదు. రెండోది: షేడ్ చూసే పని బూత్ బయటికి మార్చడం సాధ్యమే. ఒక చిన్న రేకు మీద కొట్టి, పూర్తిగా గట్టిపడ్డాక బయట పగటి వెలుతురులో బండి పక్కన పెట్టి చూడొచ్చు. నిజానికి బూత్ లైట్ల కింద చూసినదానికన్నా అదే నమ్మకం. రంగుని కొలిచే పరికరాలూ ఉన్నాయి. పెయింట్ పూర్తిగా గట్టిపడితే ఐసోసైనేట్ రసాయన చర్యలో ఖర్చైపోతుంది. అయితే గట్టిపడిన పెయింట్ మీద వెల్డింగ్ చేసినా, బాగా వేడి చేసినా మళ్లీ బయటికొస్తుంది. అది కూడా రాశాను.

యజమాని ఎలా తీసుకుంటాడోనని నాకూ బెరుకుగానే ఉంది. ఫోన్ చేసి ఆయన అడిగిన మొదటి మాట, "అకౌంట్స్ చేసేవాడికి పెయింట్ జబ్బేంటండీ?" అని. చార్టు చూపించడానికి రోగి ఒప్పుకున్నారు కాబట్టి, చార్టు పక్కన డెలివరీల పట్టిక పెట్టి పంపాను. సొంత బిల్లు పుస్తకం కాబట్టి దానితో ఆయన వాదించలేదు. ఆఫీసు టేబుల్‌ని విడిభాగాల షాపున్న వేరే భవనంలోకి మార్చారు. బూత్‌లో పొగ పరీక్ష చేయించి, స్ప్రే ఆగాక ఎంతసేపు ఆగాలో తలుపు మీద రాయించారు. గన్ కడగడానికి మూసి ఉండే యంత్రం తెప్పిస్తామన్నారు, తెప్పించారో లేదో నేను వెళ్లి చూడలేదు.

ఇప్పుడు

రాత్రి దగ్గు పోయింది. తక్కువ మోతాదు స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఇంకా వాడుతున్నారు. మెట్లు వేగంగా ఎక్కితే, చల్లగాలిలో తిరిగితే కాస్త పట్టేస్తుంది. మెథాకోలిన్ మళ్లీ చేయిస్తే ఇంకా పాజిటివే, కాకపోతే మునుపటికన్నా ఎక్కువ మందు పీల్పించాకే స్పందించింది. లక్షణాలు మొదలైన ఏడాదిన్నరకి ఇక్కడికి చేరిన మనిషికి ఇది చెడ్డ ఫలితం కాదు, పూర్తి ఫలితమూ కాదు. షేడ్ రేకులు ఆయన టేబుల్ దగ్గరికే వస్తున్నాయి. కేస్ షీట్‌లో వృత్తి గడి చాలక, పక్కన ఇంకో కాగితం పిన్ చేశాం.

ఒక చోట ఇలాంటి కేసు ఒకటి బయటపడితే అక్కడ పనిచేసే మిగతావాళ్లనీ చూడాలి. పెయింటర్‌ని, హెల్పర్‌ని, తుడిచే ఆవిడని పిలిపించాం. పెయింటర్‌కి ఊపిరి బాగుంది, చేతుల మీద దురద మచ్చలున్నాయి, గ్లవ్స్ మార్పించాం. ఆవిడకి ఏమీ లేదు. హెల్పర్ ఇరవై ఏళ్ల కుర్రాడు. బూత్ ఫిల్టర్లు మార్చేది అతనే. కొన్ని వారాలుగా తెల్లవారుజామున దగ్గు వస్తోందని, జలుబనుకుని ఊరుకున్నానని చెప్పాడు. అతనికి పీక్ ఫ్లో మీటర్ ఇచ్చి పంపాను. మొదటి వారం అంకెల్లో ఎత్తుపల్లాలు ఉన్నాయిగానీ ఒక వారంతో ఏమీ చెప్పలేం. చార్టు ఇంకా నడుస్తోంది.